నియోజకవర్గాల పటాల సేవ: గీతలు పక్కా, పోలికలు కచ్చా

తెలుగు రాష్ట్రాల శాసనసభ నియోజకవర్గాల హద్దులు కాలక్రమంలో ఎలా మారాయో చూపించే ఒక ఆన్‌లైన్ పటాల సేవను కొంతకాలంగా వాడుతున్నాను. పటాలు గీయడంలో నిర్వాహకులు పెట్టిన శ్రద్ధను మెచ్చుకోవలసిందే. అయితే వాటి పక్కన పెట్టిన ఎన్నికల ఫలితాల పట్టికను నమ్మి ఏదైనా రాస్తే మాత్రం అభాసుపాలు కాక తప్పదు.

జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన నియోజకవర్గాల పునర్విభజన కమిషన్ 2001 జనాభా లెక్కల ఆధారంగా నిర్ణయించిన హద్దులు మన దగ్గర 2009 సాధారణ ఎన్నికలతో అమలులోకి వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం స్థానాలు 294గానే ఉన్నా, తెలంగాణ ప్రాంతానికి దక్కినవి 107 నుంచి 119కి పెరిగాయి. కమిషన్ ఉత్తర్వు ఈ హద్దులను పల్లెల్లో మండలాల పేర్లతోను, నగరాల్లో పాత మునిసిపల్ వార్డులు, బ్లాకుల సంఖ్యలతోను చెబుతుంది కనుక, ఎంత శ్రద్ధగా చదివినా నియోజకవర్గం ఆకారం కళ్లకు కట్టదు. (హైదరాబాదులో పాత ఇంటి నంబరు తెలిసినవారికి కొంత నయం, అందులో మొదటి అంకె వార్డుది, రెండోది బ్లాకుది.) ఈ సేవలో పాత గీతల మీద కొత్త గీతలను పరిచి, వీధి కనిపించేంత దగ్గరగా వెళ్లి చూడవచ్చు. జూబ్లీహిల్స్ పేరు పెట్టుకున్న నియోజకవర్గంలో యూసుఫ్‌గూడ, బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ వంటి పేటలు ఉండగా, జూబ్లీహిల్స్ మునిసిపల్ డివిజన్ మాత్రం ఖైరతాబాద్ నియోజకవర్గంలోకి వెళ్లిందన్న విషయం ఒక్క చూపులో తెలిసిపోతుంది. నగర రాజకీయాలు రాసేవారిలో కూడా దీన్ని పొరబడేవారు తక్కువేమీ కాదు.

చిక్కంతా ఫలితాల పట్టికతోనే. రెండు ఎన్నికలను పోల్చేటప్పుడు ఈ సేవ నియోజకవర్గం పేరును తప్ప మరి దేనినీ చూడదు. ఖైరతాబాద్‌నే తీసుకుంటే, 1999లో తెలుగుదేశం అభ్యర్థి కె. విజయరామారావు, 2004లో కాంగ్రెస్ నాయకుడు పి. జనార్దన్ రెడ్డి, ఆయన మరణానంతరం 2008 ఉప ఎన్నికలో కుమారుడు విష్ణువర్ధన్ రెడ్డి, 2009లో దానం నాగేందర్ వరుసగా కనిపిస్తారు. 2004, 2009ల మధ్య "కాంగ్రెస్ నిలబెట్టుకుంది" అని పట్టిక తేల్చేస్తుంది. 2004 నాటి ఖైరతాబాద్ ఒక మహా నియోజకవర్గం. కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, జూబ్లీహిల్స్ స్థానాలు అందులోంచి చీలి వచ్చినవే. విష్ణువర్ధన్ రెడ్డి 2009లో గెలిచింది జూబ్లీహిల్స్ నుంచి. నాగేందర్ అంతకుముందు ఎన్నికైన ఆసిఫ్‌నగర్ అసలు రద్దయిపోయింది. కూకట్‌పల్లిలో లోక్‌సత్తా తరఫున జయప్రకాశ్ నారాయణ గెలిచారు. అంటే పాత ఖైరతాబాద్ ఓటర్లు 2009లో ఒక్క ఎమ్మెల్యేను కాక, వేర్వేరు పార్టీలకు చెందిన పలువురిని ఎన్నుకున్నారన్నమాట. ఇంత చరిత్రను "నిలబెట్టుకుంది" అన్న ఒక్క మాటతో చుట్టచుట్టి పక్కన పెట్టేశారు.

రద్దయిన స్థానాల గతి ఇంకా అన్యాయం. హిమాయత్‌నగర్, మహరాజ్‌గంజ్‌ల చరిత్ర 2004తో ఆగిపోతుంది, ఆ తర్వాత ఖాళీ గడి. 2004లో హిమాయత్‌నగర్ నుంచి గెలిచిన కిషన్ రెడ్డి 2009లో అంబర్‌పేట నుంచి, మహరాజ్‌గంజ్ నుంచి గెలిచిన ముఖేష్ గౌడ్ గోషామహల్ నుంచి మళ్లీ సభకు వచ్చారు. పటంలో గీతలు కలిసే చోటు స్పష్టంగా కనిపిస్తున్నా, పట్టికలో వారిద్దరూ కొత్త స్థానాల్లో కొత్తగా ఊడిపడ్డట్టే ఉంటుంది.

దీనికి మందు లేకపోలేదు. పోలింగ్ కేంద్రాల వారీగా ఓట్లను చూపే ఫారం 20 వివరాలను తీసుకుని, పాత కేంద్రాల ఓట్లను కొత్త హద్దుల్లోకి సర్ది లెక్కవేస్తే, కొత్త నియోజకవర్గానికి పాత ఎన్నికలో ఏ పార్టీ బలం ఎంత ఉండేదో ఉజ్జాయింపుగానైనా తెలుస్తుంది. శ్రమతో కూడిన పనే, కానీ గీతలకు అంత శ్రమ పడినవారికి ఇది అసాధ్యమేమీ కాదు.

పటాల్లోనూ ఒక లోపం కనిపించింది. 2009 తర్వాత హద్దులు కదలలేదన్న భావనతో కాబోలు, భద్రాచలం నియోజకవర్గాన్ని 2014కూ 2018కీ ఒకే ఆకారంలో చూపించారు. పోలవరం ప్రాజెక్టు కోసం ఖమ్మం జిల్లాలోని కొన్ని మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ చేశాక, భద్రాచలంలో ఉన్న చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు రంపచోడవరంలో చేరాయి. అశ్వారావుపేటలో ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు పోలవరంలో చేరాయి. 2014లో ఒక రాష్ట్రపు సభకు ఓటేసినవారు తర్వాతి ఎన్నికలో మరో రాష్ట్రపు సభకు ఓటేయడం మామూలు సవరణ కాదు. జిల్లాల పొర కూడా పాతదే ఉంది; తెలంగాణలో 2016 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి జిల్లాలు మారాయి కనుక దాన్ని ఆపివేసి చూడడమే మేలు.

రాష్ట్ర విభజన చట్టంలోని 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ స్థానాలను 175 నుంచి 225కు, తెలంగాణ స్థానాలను 119 నుంచి 153కు పెంచాలని చెప్పినా, దాన్ని శాసనసభ స్థానాల సంఖ్యను నియంత్రించే రాజ్యాంగంలోని 170వ అధికరణకు లోబరచడంతో ఆ పెంపు 2026 తర్వాతి జనాభా లెక్కలతో ముడిపడింది. ఆ పునర్విభజన జరిగినప్పుడు ఇలాంటి సేవకు గిరాకీ పెరగడం ఖాయం. అప్పటిదాకా పరిశోధక విద్యార్థులకు, విలేకరులకు దీని పటాలను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. 2009కి ముందు, తర్వాతి ఫలితాలను పోల్చాలనుకునేవారు మాత్రం ఆ పట్టికను మూసేసి, ఎన్నికల సంఘం ప్రచురించిన నివేదికలను దగ్గర పెట్టుకోవాలి.