పదకొండుకి రెండు నిమిషాల ముందు: మోన్స్‌లో రెండు రోజులు

మేం కెనడాలోని రిజైనాలో ఉంటాం. మూస్ జా అనే ఊరు ఇక్కడికి కారులో ముప్పావు గంట దూరం. దారి పొడవునా గోధుమ చేలు, మసూరు పప్పు చేలు. ఆ ఊళ్లో ఉంటుండగా 1917 అక్టోబరులో సైన్యంలోకి తీసుకున్న, మొదటి ప్రపంచ యుద్ధంలో చివరగా చనిపోయిన కెనడా సైనికుడు జార్జ్ లారెన్స్ ప్రైస్ సమాధి బెల్జియంలో ఉందని తెలిశాక మనసు ఆగలేదు. ఈసారి యూరప్ వెళ్లినప్పుడు పారిస్‌లో ఒక రోజు తగ్గించి, ఆ సమాధికి దగ్గరి ఊరు మోన్స్‌లో రెండు రాత్రులు పెట్టుకున్నాం.

ప్రైస్ ఇష్టపడి పటాలంలో చేరినవాడు కాదు. పుట్టింది నోవా స్కోషియాలో, బతుకు సాగుతున్నది మా రాష్ట్రం సస్కాచువాన్‌లో. 1917 ఆగస్టులో కెనడా నిర్బంధ సైనిక సేవా చట్టం తెచ్చింది. ఆ ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో ఒక్క విమీ గుట్ట పోరులోనే నాలుగు రోజుల్లో 3,598 మంది కెనడా సైనికులు పోయారు. వాళ్ల స్థానంలోకి తమంతట తాము వచ్చేవాళ్లు చాలలేదు. పిలుపు అందినవాళ్లలో పదింట తొమ్మిది మంది మినహాయింపు కావాలని అర్జీ పెట్టుకున్నారు. 1918 ఈస్టర్ రోజుల్లో క్విబెక్ నగరంలో ఈ చట్టానికి ఎదురుగా అల్లర్లు జరిగితే సైన్యం కాల్పుల్లో నలుగురు చనిపోయారు. చివరికి ఫ్రాన్స్ యుద్ధభూమికి చేరిన నిర్బంధ సైనికులు సుమారు 24 వేల మంది. అందులో ఒకడు ప్రైస్. 28వ బెటాలియన్, ‘ఏ’ కంపెనీ, సైనిక నంబరు 256265.

ముందు విమీ చూశాం. పారిస్ నుంచి అరాస్‌కి రైలు, అక్కడి నుంచి టాక్సీ. గుట్ట మీద రెండు తెల్లటి స్తంభాలు, గోడల నిండా ఫ్రాన్స్‌లో చనిపోయి సమాధి కూడా దొరకని 11,285 మంది పేర్లు. ప్రవేశం ఉచితం. దారి చూపేది కెనడా నుంచి వచ్చిన విద్యార్థులే, ఓపిగ్గా చెబుతారు. పేలని గుండ్లు ఇంకా నేలలో ఉన్నాయని కంచె వేసిన చోట మనుషులు దిగరు, గొర్రెలు మేస్తుంటాయి. తప్పకుండా చూడాల్సిన చోటే. కానీ అక్కడ మనిషి కనపడడు, సంఖ్య కనపడుతుంది.

మోన్స్‌లో బస సంగతి. పెద్ద కూడలికి దగ్గరని ఒక చిన్న గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. బుక్ చేసేటప్పుడు లిఫ్ట్ ఉందన్నారు, తీరా చూస్తే లేదు. మూడంతస్తులు సూట్‌కేసులు మోశాం, మా ఆవిడ మోకాలికి ఆ రాత్రి జండూ బామే దిక్కయింది. గది మాత్రం శుభ్రంగా ఉంది, వేడినీళ్లకి లోటు లేదు. పెద్దవాళ్లతో వెళ్తే లిఫ్ట్ సంగతి ఫోన్ చేసి అడిగాకే డబ్బు కట్టండి. శాకాహారులకి ఇంకో మాట. వీధిలో అమ్మే బంగాళాదుంప ఫ్రైస్ చాలా చోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు. అడగకుండా తినకండి. మేం అడిగి, నూనెలో వేయించే చోటు వెతుక్కునేసరికి అరగంట పట్టింది. రెండు ప్రపంచ యుద్ధాల మీదా ఉన్న మోన్స్ మెమోరియల్ మ్యూజియంకి రెండు గంటలు సరిపోతాయి. సమాధుల దగ్గరికి వెళ్లే ముందు చూస్తేనే మేలు.

సెయింట్ సింఫోరియన్ శ్మశానం ఊరికి తూర్పున, రెండు మూడు కిలోమీటర్లు. చెట్ల మధ్య మెట్టపల్లాలుగా ఉంటుంది, తోటలోకి వచ్చినట్టే అనిపిస్తుంది. స్థలం ఇచ్చిన స్థానికుడు ఇరుపక్షాల మృతుల్నీ సమానంగా గౌరవించాలని షరతు పెట్టాడట. అందుకే జర్మన్ల బూడిదరంగు రాళ్లూ, బ్రిటిష్ వాళ్ల తెల్లరాళ్లూ ఒకే ఆవరణలో ఉన్నాయి. యుద్ధంలో చనిపోయిన మొదటి బ్రిటిష్ సైనికుడని చెప్పుకునే జాన్ పార్, చివరివాడు జార్జ్ ఎల్లిసన్ ఎదురెదురుగా ఉన్నారు. మధ్యలో కొన్ని అడుగులే. పార్ వయసు పెంచి చెప్పి చేరిన కుర్రాడు, నిజానికి పదిహేడేళ్లు. ప్రైస్ రాయి కూడా ఈ ఆవరణలోనే. రాతి మీద మేపుల్ ఆకు చెక్కి ఉంది. రాయి అడుగున ఎవరో పెట్టిన చిన్న కాగితపు కెనడా జెండా వానకి తడిసి, ఎరుపు కారి తెలుపులోకి దిగింది. మా ఆవిడ దాన్ని నిలబెట్టి, మట్టి నొక్కింది.

ప్రైస్ చనిపోయిన అసలు చోటు వీల్-సుర్-ఎన్ అనే పల్లె. మోన్స్ నుంచి పది కిలోమీటర్లు. ఆదివారం బస్సులు చాలా తక్కువ, మేం గంటకు పైగా నిలబడ్డాం. వారం మధ్యలో వెళ్లండి.

1918 నవంబరు 11 తెల్లవారకముందే 28వ బెటాలియన్ కదిలింది, కాలువ మీది వంతెనలు పట్టుకోవాలి. పదకొండు గంటలకి యుద్ధం ఆగిపోతుందని తొమ్మిదింటికల్లా వాళ్లకి కబురు అందింది. అయినా అవతలి ఇళ్లలో శత్రువులు ఉన్నారేమోనని ప్రైస్‌తో కలిపి ఐదుగురు కాలువ దాటారు. ఇల్లిల్లూ వెతికారు, జర్మన్లు వెనక నుంచి తప్పుకుంటున్నారు. ప్రైస్ వీధిలోకి అడుగు పెట్టాడు, తూటా తగిలింది. తోటివాళ్లు ఇంట్లోకి లాగారు. బెల్జియం నర్సు ఒకమ్మాయి కాల్పుల మధ్యే వీధి దాటి పరిగెత్తుకొచ్చింది. 10:58కి ప్రాణం పోయింది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. 1968లో అతని తోటి సైనికులు పెట్టించిన ఫలకాన్ని ఇటుకల దిమ్మె మీద అమర్చారు. పక్కనే 1991లో కట్టిన కాలినడక వంతెన. దానికి ప్రైస్ పేరు పెట్టాలని ఊరివాళ్లే ఓటు వేసి తేల్చుకున్నారు. టికెట్ లేదు, గైడ్ లేడు, కూర్చోడానికి నీడా అంతంతమాత్రమే. ఈ ప్రయాణం మొత్తంలో ఒక్కచోటే చూడాలంటే నేను ఇక్కడికే వస్తాను.

ఫలకం చదివి, ఫోనులో గడియారం పెట్టుకుని రెండు నిమిషాలు నిలబడ్డాం. పడవ ఒకటి నెమ్మదిగా వంతెన కిందికొచ్చింది, దాటి మలుపు దాకా వెళ్లింది, ఇంకా సమయం మిగిలే ఉంది.

‘‘డిసెంబరు పదిహేనున పుట్టాడన్నారు కదండీ,’’ అంది మా ఆవిడ. ‘‘ఇంకో నెలకి ఇరవై ఆరు వచ్చేవి.’’