శ్రీకాకుళంలో పాత పత్రికల మధ్య ఒక పూట

పత్రికాస్వేచ్ఛకే అంకితమైన న్యూజియం అనే మ్యూజియం ఒకటి అమెరికాలో ఉండేది. వాషింగ్టన్‌లోని దాని పెద్ద భవనం 2019 డిసెంబర్ 31న మూతపడింది. న్యూజియం మొదటిసారి తెరిచిన 1997లోనే, ఫిబ్రవరి 22న, కథారచయిత కాళీపట్నం రామారావు (కారా మాస్టారు) గారు శ్రీకాకుళంలో కథానిలయం అనే లైబ్రరీ పెట్టారు. ఇది మాత్రం నడుస్తూనే ఉంది.

రైల్లో వస్తే దిగాల్సింది ఆమదాలవలసలో. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది అక్కడే, ఊరు ఇంకా 12, 13 కిలోమీటర్లు. ఆటోవాళ్లు చేతిలో సామాను చూసి రేటు చెబుతారు, బేరమాడే ఓపిక లేకపోతే బస్సే నయం. ఊళ్లో కథానిలయం అంటే తెలియనివాళ్లను 'కారా మాస్టారి లైబ్రరీ' అని అడగండి.

అద్దాల పెట్టెలు, ఆడియో గైడ్‌లు ఊహించుకుని వెళ్లకండి. ఇది కథల కోసం పెట్టిన లైబ్రరీ. అయితే మన కథలు ముందుగా అచ్చయ్యేది వార, మాస పత్రికల్లోనే కదా, వాటి వెంట పత్రికలూ వచ్చి చేరాయి. నేను పాత ఆంధ్రపత్రిక వీక్లీ ఒకటి తెరిచాను. పేజీ తిప్పితే అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. కథ పక్కనే అమృతాంజనం ప్రకటన. ఆ పత్రికనూ అమృతాంజనాన్నీ మొదలుపెట్టింది ఒక్కరే, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. అమృతాంజనం డబ్బుతోనే 1908లో బొంబాయిలో పత్రిక పెట్టారు. దొరలకు తలనొప్పి తెప్పించే పత్రికకు పెట్టుబడి తలనొప్పి మందే! అదే ఏడు బెజవాడలో 'స్వరాజ్య' పత్రిక సంపాదకీయానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు జైలుకెళ్లారు. ఇలాంటివి కొంచెం చదువుకుని వెళ్తే ఆ బీరువాల ముందు నిలబడటంలో మజా వేరు.

బస సంగతి చెప్పకపోవడమే మంచిది. బస్టాండు దగ్గర లాడ్జిలో ఏసీకి వేరే డబ్బులు తీసుకున్నారు, రిమోట్ మాత్రం కౌంటర్‌లోనే ఉంచుకున్నారు. వేడినీళ్లు ఎనిమిదింటికల్లా బంద్. ఎదురుగా బండి మీద ఇడ్లీ, అల్లంపచ్చడి తిన్నాక కోపం కాస్త తగ్గింది.

మర్నాడు విజయనగరంలో గురజాడ వారి ఇల్లు చూశాను. ఆయన రాసిన 'దిద్దుబాటు' కథ కూడా 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చిందని గుర్తుంచుకుని వెళ్తే రెండు ఊళ్లకూ లంకె కుదురుతుంది. ఆ ఇంటికి అరగంట చాలు. కథానిలయానికి మాత్రం ఒక పూటంతా పెట్టుకోండి. రథసప్తమి రోజుల్లో వద్దు, అరసవల్లి సూర్యుడి గుడికొచ్చే జనంతో ఊళ్లో గది దొరకడం కష్టం.