ఎంఎల్‌బీ యాప్‌తో వరంగల్ నుంచి బేస్‌బాల్ సీజన్: ఏది ఉచితంగా చాలు, దేనికి డబ్బు కట్టాలి

వరంగల్, కరీంనగర్ వైపు అమెరికా బేస్‌బాల్ చూసేవాళ్లలో పిల్లలు అక్కడ ఉండటం వల్ల ఇందులోకి దిగినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. అబ్బాయి డాలస్‌లో ఉంటే ఇంట్లో రేంజర్స్ మాట, అమ్మాయి డెట్రాయిట్ దగ్గర ఉంటే టైగర్స్ మాట. అలాంటి ఇళ్లకైనా, నిట్ హాస్టల్లో కొత్తగా ఈ ఆట మీద మనసుపడ్డ కుర్రాళ్లకైనా మేజర్ లీగ్ బేస్‌బాల్ (ఎంఎల్‌బీ) వాళ్ల అధికారిక యాప్ ఒక్కటి చాలు. తొలి ఏడాది చందా మాత్రం కట్టొద్దు. గేమ్‌డే (బంతి బంతికీ బొమ్మ), స్టాండింగ్స్ (జట్ల స్థానాల పట్టిక), హైలైట్స్ ఉచితంగానే వస్తాయి. ఈ మూడింటినీ సరిగ్గా వాడుకుంటే సీజన్ ఎత్తుపల్లాలు బాగా పట్టుబడతాయి. లైవ్ వీడియో ఆ తర్వాతి సంగతి.

ముందు గడియారం. సీజన్ మార్చి చివర మొదలై సెప్టెంబర్ చివరిదాకా నడుస్తుంది. ఆ కాలమంతా అమెరికా తూర్పు తీరానికీ మనకూ తేడా తొమ్మిదిన్నర గంటలు. న్యూయార్క్‌లో రాత్రి 7:05కి మొదలయ్యే ఆట హన్మకొండలో తెల్లారగట్ల 4:35కి పడుతుంది. డాలస్ ఆట 5:35కి, డెన్వర్‌ది 6:10 ప్రాంతంలో, లాస్ ఏంజిలిస్‌ది 7:40కి. ఆదివారం తూర్పు తీరంలో మధ్యాహ్నం ఆడే ఆటలు మనకు రాత్రి పదిన్నర, పదకొండు మధ్య మొదలవుతాయి. యాప్ ఈ టైమ్‌లన్నీ మన ఫోన్ గడియారానికి మార్చే చూపిస్తుంది కానీ, తేదీ పేజీ మాత్రం అమెరికాదే. సోమవారం తెల్లారగట్ల మన దగ్గర నడిచే ఆట కోసం ఆదివారం పేజీ తెరవాలి. కొత్తవాళ్లు ‘ఇవ్వాళ మన జట్టుకు ఆట లేదు’ అనుకుని మూసేసేది ఇక్కడే. ఇంకా ఏ జట్టూ ఎంచుకోనివాళ్లకు మా సలహా పశ్చిమ తీరం జట్టు. డాడ్జర్స్, పాడ్రెస్, మారినర్స్ సొంత మైదానం ఆటలు మన పొద్దుటి చాయ్, టిఫిన్ వేళకు సరిపోతాయి. యాంకీస్‌నో మెట్స్‌నో పట్టుకుంటే ఆరు నెలలు నిద్ర పాడు.

ఈ యాప్‌లో అన్నిటికన్నా మెచ్చుకోవాల్సింది గేమ్‌డే. వీడియో ఉండదు, బంతి బంతికీ బొమ్మ గీస్తుంది. బ్యాటర్ ముందు స్ట్రైక్ జోన్ చతురస్రం (పిచర్, అంటే బంతి విసిరేవాడు, గురిపెట్టే హద్దు), దాని లోపలా బయటా అంకెలు వేసిన రంగు చుక్కలు. ఆకుపచ్చ అంటే బాల్ (జోన్ బయట పడితే బ్యాటర్ ఊపకుండా వదిలేసినది), ఎరుపు అంటే స్ట్రైక్ (జోన్‌లో పడినది, లేదా ఊపి తప్పినది), నీలం అంటే బ్యాట్‌కు తగిలి ఆటలో పడిన బంతి. ఒక బ్యాటర్ వంతు చూడండి: ఒకటో చుక్క ఎరుపు, బయటి అంచున కింద, ఫాస్ట్‌బాల్, 96 మైళ్లు, అంటే గంటకు 154 కిలోమీటర్లు. రెండోది ఆకుపచ్చ, అంచు దాటింది. మూడోది 85 మైళ్ల స్లైడర్ (పక్కకు జారే బంతి), నేలకు దగ్గరగా చతురస్రం కింద పడింది, అయినా ఎరుపే, ఎందుకంటే బ్యాటర్ ఊపి తప్పాడు. ఇప్పుడు ఒక బాల్, రెండు స్ట్రైక్‌లు, మూడో స్ట్రైక్ పడితే అవుట్. నాలుగో బంతి ఎటు రావచ్చో మీరే ఊహించడం మొదలుపెడతారు. బేస్‌బాల్ నేర్చుకోవడం అంటే అదే. టీవీలో కెమెరా పిచర్ వెనక కాస్త పక్క నుంచి చూపిస్తుంది కాబట్టి బంతి ఎక్కడ పడిందో కొత్త కంటికి ఆనదు, ఈ చుక్కల్లో తేటతెల్లంగా ఉంటుంది. బంతి తగిలితే బ్యాట్ నుంచి ఎంత వేగంతో వెళ్లిందో కూడా ఇస్తుంది. 95 మైళ్లు దాటితే గట్టి దెబ్బ కింద లెక్క. మీ జట్టు బ్యాటర్ వారం రోజులుగా అవుటవుతున్నా ఈ అంకె వందకు అటూ ఇటూ ఉంటే కంగారు పడక్కర్లేదు, బంతులు ఫీల్డర్ల చేతుల్లోకి పోతున్నాయంతే. అదే 80లలో ఉంటే ఫామ్ నిజంగానే పోయిందని అనుమానించాలి. డేటా కూడా చాలా తక్కువ తింటుంది కాబట్టి బస్సులో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న చోటా పని చేస్తుంది.

రెండోది స్టాండింగ్స్ పేజీ. ఐపీఎల్ అలవాటుతో వచ్చేవాళ్లు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ఐపీఎల్‌లో ఒక్కో జట్టుకు 14 లీగ్ మ్యాచ్‌లు, నాలుగు వరసగా ఓడితే సీజన్ ఇరకాటంలో పడినట్టే. ఇక్కడ 162. మిల్వాకీ బ్రూవర్స్ 2025 సీజన్‌ను నాలుగు ఓటములతో మొదలుపెట్టింది, అందులో ఒకటి యాంకీస్ చేతిలో 20-9. నాలుగు ఆటల్లో కలిపి 47 పరుగులు ఇచ్చి 15 చేసింది. అదే జట్టు ఆగస్టులో వరసగా 14 గెలిచి, 97-65తో మొత్తం 30 జట్లలో మొదటి స్థానంలో సీజన్ ముగించింది. దీనికి అచ్చంగా తిరగబడ్డ కథ మెట్స్‌ది. జూన్ 12 నాటికి 45-24, అప్పటికి లీగ్‌లో అందరికన్నా మెరుగు. ఆఖరికి 83-79. సిన్సినాటి రెడ్స్‌దీ అదే లెక్క, ప్లేఆఫ్స్‌లో (టైటిల్ కోసం అక్టోబర్‌లో జరిగే చివరి దశ) ఆఖరి చోటు ఈ రెండింటిలో ఒకదానికే. గెలుపోటములు సమానమైతే 2022 నుంచి అదనపు ఆట పెట్టడం లేదు, రెండు జట్లు తలపడ్డప్పుడు ఎవరు ఎక్కువ గెలిచారో చూస్తారు. ఆ లెక్కలో రెడ్స్ ముందుంది. చివరి రోజు రెడ్స్ కూడా ఓడింది, మెట్స్ ఆ ఒక్క ఆట గెలిచి ఉంటే ప్లేఆఫ్స్‌లో ఉండేది. మెట్స్ అభిమానులకు ఇది చాన్నాళ్లు మానని పుండు.

కాబట్టి పేజీలో గెలుపు, ఓటమి గళ్ల దగ్గరే ఆగిపోకండి. ‘జీబీ’ (గేమ్స్ బిహైండ్) అన్న గడి, డివిజన్‌లో, అంటే ఐదు జట్ల గుంపులో, మొదటి స్థానానికి ఎన్ని ఆటల దూరంలో ఉన్నారో చెప్తుంది. గెలుపుల తేడా, ఓటముల తేడా కలిపి రెండుతో భాగిస్తే వచ్చేదే అది. ముందున్న జట్టు 60-40, మీది 56-43 అయితే నాలుగు, మూడు కలిపి ఏడు, సగం చేస్తే మూడున్నర. దీన్ని జూలైలో ఎంత నమ్మాలి? 2025లో డెట్రాయిట్ టైగర్స్‌కు జూలై మొదట్లో క్లీవ్‌లాండ్ గార్డియన్స్ మీద పదిహేనున్నర ఆటల ఆధిక్యం ఉంది. సెప్టెంబర్ చివరికి డివిజన్ గార్డియన్స్‌దైంది, 88 గెలుపులకు 87. అంత వెనకబడి డివిజన్ గెలిచిన జట్టు అంతకుముందు లేదు. అయినా టైగర్స్ కథ అక్కడితో అయిపోలేదు, వైల్డ్ కార్డ్ (డివిజన్ గెలవని మెరుగైన జట్లకు దొరికే చోటు) దారిన ప్లేఆఫ్స్‌లోకొచ్చి ఆ గార్డియన్స్‌నే 2-1తో ఇంటికి పంపింది.

‘డిఫ్’ గడిని కూడా వారానికోసారి చూడాలి. చేసిన పరుగుల్లోంచి ఇచ్చిన పరుగులు తీసేస్తే వచ్చే అంకె. సీజన్ మొత్తానికి పది పరుగుల తేడా సుమారు ఒక గెలుపుతో సమానం, సగటు జట్టుకు 81 గెలుపులు అనుకుంటే ప్లస్ 80 ఉన్న జట్టు 89 దగ్గర ఉండాలి. మీ జట్టు దీనికన్నా బాగా ముందుంటే ఒక్క పరుగు తేడా ఆటలు కలిసొచ్చాయన్న మాట, ఆ అదృష్టం నిలవకపోవచ్చు. కొలరాడో రాకీస్ 2025లో మైనస్ 424తో ముగించింది, ఆధునిక యుగంలో అంత లోతుకు పడ్డ జట్టు లేదు, గెలిచినవి 43. అయితే పైన చెప్పిన గార్డియన్స్ మైనస్‌లో ఉండి కూడా డివిజన్ గెలిచింది కాబట్టి ఈ గడి జాతకం కాదు, హెచ్చరిక మాత్రమే.

ఇక వీడియో. చందా తీసుకున్నా మన దగ్గర తెల్లవారుజామున లేచి లైవ్ చూసేవాళ్లు తక్కువ కదా. అందుకే ముందు ఉచిత హైలైట్స్‌తో కొన్ని వారాలు గడిపి, అవి చాలట్లేదనిపిస్తేనే ఆలోచించండి. పిచ్ క్లాక్ (పిచర్ బంతి వేయడానికి గడువు పెట్టే గడియారం) వచ్చాక, అంటే 2023 నుంచి, ఆట సగటున రెండు గంటల నలభై నిమిషాల్లోపే అయిపోతోంది, అంతకు ముందు ఏడాది మూడు గంటలు దాటేది. అయినా హెచ్‌డీలో పూర్తి ఆట చూస్తే ఐదారు జీబీ డేటా ఖర్చు. రోజుకు ఒకటిన్నర జీబీ రీఛార్జితో అది అయ్యే పని కాదు, ఇంటికి ఫైబర్ ఉండాలి. కరెంటు పోయే వేసవి తెల్లవారుజాములకు రౌటర్‌ను కూడా ఇన్వర్టర్ మీదికి మార్చుకోండి. మరో జాగ్రత్త: గేమ్‌డే, నోటిఫికేషన్లు రెండూ లైవ్ వీడియో కంటే ముందుంటాయి. స్క్రీన్ మీద పిచర్ ఇంకా చెయ్యి ఎత్తకముందే జేబులో ఫోన్ ‘హోమ్ రన్’ అని మోగుతుంది. వీడియో చూసేటప్పుడు అవి ఆపేయాలి. ఆట తర్వాత చూసేవాళ్లు సెట్టింగ్స్‌లో స్కోర్లు దాచే ఆప్షన్ పెట్టుకోవాలి. అదొక్కటే సరిపోదు, మొదటి పేజీలో వార్తల శీర్షికలు ఫలితం చెప్పేస్తాయి, కాబట్టి నేరుగా స్కోర్ల ట్యాబ్‌కే వెళ్లండి. తెలుగు లేదు, అది నిజంగా లోటే. పెద్దవాళ్లకు మొదటి వారం ఎవరైనా పక్కన కూర్చుని గళ్లు చూపించాలి.

చందా విషయంలో అమెరికాలోని బంధువుల సలహా మనకు అతకదు. అక్కడ ఊరి జట్టు ఆటల్ని ఈ లైవ్ ప్యాకేజీలో రానివ్వని నిబంధన ఉంది. డాలస్‌లో ఉన్న అబ్బాయి రేంజర్స్ ఆట చూడలేక ‘దండగ నాన్నా’ అంటే అది అతని చిక్కు.

డబ్బు కట్టాలనే అనుకుంటే అక్టోబర్‌ను దృష్టిలో పెట్టుకోండి. అప్పుడు 12 జట్లే మిగులుతాయి, రాత్రి ఆటలు చాలావరకు మనకు ఐదున్నర తర్వాత మొదలవుతాయి, ప్లేఆఫ్స్‌లో పదో ఇన్నింగ్స్ (మామూలు ఆట తొమ్మిదితో అయిపోతుంది) నుంచి రెండో బేస్ మీద రన్నర్‌ను ఉంచే పద్ధతి ఉండదు కాబట్టి సమమైన ఆట ఎంతసేపైనా సాగొచ్చు. 2025 వరల్డ్ సిరీస్ మూడో ఆట 18 ఇన్నింగ్స్ పోయింది, ఆరు గంటల ముప్పై తొమ్మిది నిమిషాలు. మన దగ్గర పొద్దున మొదలై మధ్యాహ్నం పన్నెండు దాటాక డాడ్జర్స్ ఆటగాడు ఫ్రెడ్డీ ఫ్రీమన్ హోమ్ రన్‌తో ముగిసింది, అదే జట్టు ఒహ్తానీ ఆ ఒక్క ఆటలో తొమ్మిది సార్లు బేస్ చేరాడు. చందా కార్డు మీద డాలర్లలో పడుతుంది, అంతర్జాతీయ లావాదేవీలు బ్యాంకు యాప్‌లో ముందే ఆన్ చేయాలి. ఏటా దానంతటదే రెన్యూ అవుతుంది, వద్దనుకునేవాళ్లు వరల్డ్ సిరీస్ అవగానే అకౌంట్‌లోకి వెళ్లి ఆ ఆటో రెన్యూవల్ తీసేయాలి, ఫిబ్రవరిదాకా వాయిదా వేయొద్దు.