మొదటి మలుపు దాకానే నా లెక్క: గ్రేహౌండ్ పందేల్లో పాటిస్తున్న ఒక పద్ధతి

గ్రేహౌండ్ పందేలకు పద్ధతులు బోలెడు. నేను చాలాకాలంగా పట్టుకుని ఉన్నది ఒక్కటే. మొదటి మలుపు దగ్గరికి ఏ కుక్క ముందు చేరుతుంది? చేరేటప్పుడు దానికి దారి ఖాళీగా ఉంటుందా? రెండింటికీ జవాబు దొరికితే పందెం కాస్తాను, లేకపోతే లేదు. లాభం వచ్చిందా అంటే, రాలేదు. కానీ పోయేది బాగా తగ్గింది, రేసు చూడటంలో మజా పెరిగింది.

బ్రిటన్ ట్రాకుల్లో రేసుకు మామూలుగా ఆరు కుక్కలు, ఒక్కోటి ఒక్కో ట్రాప్ (బయల్దేరే పెట్టె) నుంచి వస్తుంది. ఒకటో ట్రాప్‌కు ఎర్ర జాకెట్, రెండుకు నీలం, మూడుకు తెలుపు, నాలుగుకు నలుపు, ఐదుకు నారింజ, ఆరుకు నలుపు తెలుపు చారలు. 480 మీటర్ల రేసు సుమారు ముప్ఫై సెకన్లలో అయిపోతుంది. ఆరూ ఒక్కసారే మలుపులోకి దూరితే గుద్దుకోవడాలు, తోసుకోవడాలు తప్పవు. ముందున్నదానికి ఆ బెడద ఉండదు. గుర్రప్పందేల్లో అయితే పగ్గం పట్టుకుని దారి వెతికే జాకీ ఉంటాడు. ఇక్కడ కుక్క తన తిప్పలు తానే పడాలి.

కార్డులో, అంటే రేసుల వివరాలుండే పట్టికలో, నేను ముందు చూసేది సెక్షనల్ టైమ్. ట్రాప్ తెరుచుకున్నప్పటి నుంచి ముగింపు గీతను మొదటిసారి దాటేదాకా పట్టిన సమయం అది. ఒక్కో ట్రాక్‌లో ఈ దూరం ఒక్కోలా ఉంటుంది కాబట్టి వేరే ట్రాక్ అంకెలతో పోల్చకూడదు. తర్వాత కుక్క పేరు పక్కన డబ్ల్యూ ఉందా, ఎమ్ ఉందా చూస్తాను. డబ్ల్యూ అంటే బయటి వైపు పరుగెత్తేది, ఎమ్ అంటే మధ్యలో. ఏ గుర్తూ లేకపోతే లోపలి కంచె పట్టుకుని పోయే రకం. ఆఖర్న పాత రేసుల వ్యాఖ్యలు: 'స్లో అవే' (ఆలస్యంగా బయల్దేరింది) అని ఎన్నిసార్లు ఉంది, 'క్రౌడెడ్' (గుంపులో ఇరుక్కుంది) అని ఎన్నిసార్లు ఉంది.

నాకు నచ్చే రేసు ఇలా ఉంటుంది. ఒకటో ట్రాప్ కుక్క సెక్షనల్ 4.50 సెకన్ల దగ్గర నిలకడగా ఉంది. రెండోది తరచూ ఆలస్యంగా బయల్దేరుతుంది. మూడోది 4.70. ఒక లెంగ్త్‌ను (కుక్క ఒంటి పొడవంత దూరాన్ని) 0.08 సెకనుగా లెక్కిస్తారు కాబట్టి, ఆ 0.20 సెకను తేడా అంటే రెండున్నర లెంగ్తులు. ఎర్ర జాకెట్ పక్కన అంత జాగా ఉంటే అది కంచె వెంబడి హాయిగా తిరుగుతుంది. అదే నాలుగో ట్రాప్‌లో 4.48తో దూసుకొచ్చి లోపలికి కోసే కుక్క ఉందనుకోండి, ఆ రేసు జోలికే వెళ్లను. నిజం చెప్పాలంటే ఈ పద్ధతిలో ఎక్కువ పని వదిలేయడమే. ఒక సాయంత్రం కార్డు మొత్తం తిరగేసినా ఒక్కటీ నచ్చని రోజులుంటాయి, ఓపిక లేనివాళ్లకు ఇది పడదు.

డబ్బు విషయానికొస్తే, ప్రతిసారీ ఒకే మొత్తం, గెలుపు మీదే. మొదటి రెండు స్థానాలనూ వరుసగా చెప్పాల్సిన ఫోర్‌కాస్ట్, మూడూ చెప్పాల్సిన ట్రైకాస్ట్ ముట్టుకోను. లాభం ఎందుకు రాదో ఒక చిన్న లెక్కలో తెలిసిపోతుంది. ఆరు కుక్కల ధరలు 2/1, 3/1, 4/1, 5/1, 6/1, 8/1 అనుకోండి. 2/1 అంటే ఒక రూపాయి కాసి గెలిస్తే రెండు రూపాయల లాభం, అంటే మూడింట ఒక అవకాశం కింద లెక్క. ఒక్కోదాని అవకాశాన్ని శాతంగా మార్చి కూడితే 120 దాటుతుంది. వందకు పైన ఉన్నదంతా బుకీ వాటా. అలాంటి ధరలకు గుడ్డిగా ఆడితే పెట్టిన ప్రతి వందలో సగటున పదిహేడు పోతాయి. పైగా సెక్షనల్ టైమ్‌లు నాకొక్కడికే కనబడవు. వేగంగా బయల్దేరే కుక్క ధర చూస్తుండగానే 6/4కి పడిపోతుంది. ఆ ధరకు ఐదింట రెండు గెలిస్తే తప్ప అసలు కూడా దక్కదు. అందుకే 2/1 కంటే తక్కువకు కాయను.

పోయినచోటే వెతుక్కోవాలంటారు. ఈ ఆటలో మాత్రం ఆ సామెత కొంప ముంచుతుంది. పావుగంటకల్లా ఇంకో రేసు వచ్చేస్తుంది, ఈలోగా పక్క ట్రాక్‌లో ఇంకోటి నడుస్తుంటుంది. వారానికి ఇంత అని ముందే పక్కన పెట్టి, అది అయిపోతే ఆపేస్తాను. ఆ మొత్తాన్ని సినిమా టికెట్ కింద రాసేసుకుంటాను.

మనసులో మెదిలే సంగతి ఇంకోటి ఉంది. నేను ఇంతగా చూసే ఆ మలుపుల్లోనే కుక్కలకు దెబ్బలు ఎక్కువ తగులుతాయి. న్యూజిలాండ్ ఈ పందేలను ఆపేస్తామని 2024 డిసెంబరులో ప్రకటించడానికి ఆ గాయాలే ముఖ్య కారణం. ఆ వార్త తర్వాత పందేలు ఇంకా తగ్గించాను.

ఈ పద్ధతిని ప్రయత్నించేవాళ్లు చివరి నిమిషపు మార్పులు కూడా చూసుకోవాలి. కుక్క బరువు క్రితం రేసు కంటే కిలోకు మించి మారితే దాన్ని పరుగెత్తనివ్వరు. ఏ కుక్కయినా తప్పుకుంటే దాని ట్రాప్‌లోకి రిజర్వ్ కుక్క రావచ్చు. లేదా ట్రాప్ ఖాళీగానే ఉండిపోతుంది. ఖాళీ అయితే పక్క కుక్కకు మేలు. రిజర్వ్ వస్తే మాత్రం దాని సెక్షనల్, అది పరుగెత్తే వైపు చూసి లెక్క మళ్లీ మొదటినుంచి వేయాలి. అంత టైమ్ లేకపోతే నేను ఆ రేసు వదిలేస్తాను.