పాశ్చాత్య నాగరికత: హంటింగ్టన్, ఫుకుయామా

ఎన్నికలు, వ్యక్తి స్వేచ్ఛ గల ఉదార ప్రజాస్వామ్యానికి సాటివచ్చే సిద్ధాంతం ఇక లేదని 1989లో అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఫుకుయామా వాదించారు. అప్పుడాయన అమెరికా విదేశాంగ శాఖలో ఉన్నారు. హార్వర్డ్‌లో ఆయనకు గురువైన శామ్యూల్ హంటింగ్టన్ 1993లో ఎదురు నిలిచారు: ఇకపై ఘర్షణలు నాగరికతల మధ్యేనన్నారు, అంటే మతం, సంస్కృతి కలిపి ఉంచే పెద్ద సమూహాల మధ్య. పడమటి దేశాలు ప్రపంచాన్ని గెలిచింది భావాల గొప్పతనంతో కాదు, వ్యవస్థీకృత హింసలో ఆరితేరడం వల్లనేనని 1996లో రాశారు. ఒక అమెరికన్ ఆచార్యుడు ఇంత నిక్కచ్చిగా ఒప్పుకోవడం నాకు చాలా గౌరవం కలిగిస్తుంది.

ఉక్రెయిన్ దగ్గర మాత్రం ఆయన అంచనా తప్పింది. రష్యా, ఉక్రెయిన్ రెండింటిలోనూ ఆర్థడాక్స్ (తూర్పు శాఖ) క్రైస్తవులే ఎక్కువ, అంటే ఒకే నాగరికత, కాబట్టి యుద్ధానికి అవకాశం తక్కువన్నారు. 2022లో రష్యా పూర్తిస్థాయి దండయాత్రకు దిగింది. ఇటు ఫుకుయామా ధీమాను, ఉదార ప్రజాస్వామ్యం లేకుండానే సాగిన చైనా ఎదుగుదల ప్రశ్నిస్తోంది. అయినా ఒక్కరినే చదవాలంటే నా ఓటు హంటింగ్టన్‌కే: మతం, సంస్కృతి రాజకీయాలను ఎంత బలంగా నడుపుతాయో ఆయనే బాగా పట్టుకున్నారు.