సెయింట్ పాట్రిక్ పండుగనాడు మోహర్ కొండగట్టు మీద

మా చీమకుర్తి నుంచి, ఒంగోలు నుంచి ఐర్లండ్‌లోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. మార్చి 17న అక్కడ సెయింట్ పాట్రిక్ పండుగ. ఆ రోజు డబ్లిన్ ఊరేగింపు చూడమని అందరూ చెబుతారు. మోకాళ్ల నొప్పులున్న మాలాంటివాళ్లు గంటల తరబడి రోడ్డు పక్కన నిలబడలేరు. గాల్వేలో ఉండే మా అమ్మాయి, "నాన్నా, నువ్వు రాళ్ల మనిషివి, నీకు మోహర్ చూపిస్తాను" అంది. మోహర్ అంటే ఐర్లండ్ పడమటి తీరంలో సముద్రం ఒడ్డున గోడలా నిలిచిన కొండగట్టు. గాల్వే నుంచి సుమారు 75 కిలోమీటర్లు.

నా జీవితమంతా గ్రానైట్ క్వారీల్లోనే గడిచింది. మనిషి యంత్రంతో రాయిని నిలువునా కోయడం రోజూ చూసినవాణ్ని. మోహర్‌లో ఆ పని సముద్రం చేసింది. అట్లాంటిక్ అలలు అడుగున తొలిచేస్తుంటే పైరాయి ఆధారం లేక విరిగి పడుతుంది. గోడ అంత నిటారుగా నిలవడానికి కారణం అదే. ఎత్తైన చోట 214 మీటర్లు. మా ఒంగోలు దగ్గరి కొత్తపట్నం తీరంలో అల వచ్చి పాదాలు తడుపుతుంది. ఇక్కడ అల విరగడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది.

మన గ్రానైట్ శిలాద్రవం గట్టిపడి పుట్టింది, పలకలుగా చీలదు. మోహర్ రాయి సుమారు 32 కోట్ల ఏళ్ల కిందట నదులు సముద్రంలో కలిసేచోట మేటవేసిన ఇసుక, బురద. పొరలు పొరలుగా స్పష్టంగా కనిపిస్తుంది. గట్టు అంచున అడ్డంగా నిలబెట్టిన బండల మీద మెలికలు తిరిగిన గీతలుంటాయి. అవి ఉలి గీతలు కావు, ఆనాటి బురదలో పాకిన జీవుల జాడలు. మా ఆవిడ ముందుకు వెళ్లిపోయినా నేను వాటిని వేలితో తడుముతూ అక్కడే ఉండిపోయాను. టికెట్టు డబ్బు నాకు ఆ బండల దగ్గరే గిట్టుబాటైంది.

2007లో తెరిచిన సందర్శకుల కేంద్రాన్ని కొండలోపలికి కట్టి, పైన గడ్డి పెంచారు. దూరం నుంచి చూస్తే అక్కడ భవనం ఉన్నట్టే తెలియదు. కొండరాతిలో గుడులు తొలిచిన మన భైరవకోనలో రేపు ఏది కట్టినా ఇలాగే కట్టాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

లోపల కొందరు కుర్రవాళ్లు ఫిడేలు, మేకతోలు బిగించిన బౌరాన్ అనే డప్పు వాయిస్తున్నారు. పిల్లలంతా ఆకుపచ్చ బట్టల్లో ఉన్నారు. ఒక పెద్దాయన కోటుకు మూడాకుల షామ్‌రాక్ రెమ్మ గుచ్చుకున్నారు. పాట్రిక్ 5వ శతాబ్దపు క్రైస్తవ మతగురువు. పదహారేళ్ల వయసులో బ్రిటన్ నుంచి బానిసగా ఎత్తుకొచ్చిన దేశానికే, తప్పించుకున్న తర్వాత బోధకుడిగా తిరిగి వచ్చారు. మార్చి 17 ఆయన పరమపదించిన రోజని నమ్ముతారు. మన కాశినాయన ఆరాధనలాగే ఇదీ ఒక సాధువును తలచుకునే రోజని తెలిశాక ఆ సంగీతం నాకు ఇంకా దగ్గరైంది.

మెట్లెక్కగలిగితే ఓబ్రైన్ బురుజు దాకా వెళ్లండి. కార్నీలియస్ ఓబ్రైన్ అనే స్థానిక భూస్వామి సందర్శకుల కోసం 1835లో కట్టించారు. మబ్బు తొలగితే అరన్ దీవులు కనిపిస్తాయి. పఫిన్ పక్షుల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, అవి సాధారణంగా మార్చి చివరి నుంచి వస్తాయి.

గాలి చాలా బలంగా ఉంటుంది. గొడుగు నిలవదు, చెవులు కప్పే టోపీ, వానకోటు కావాలి. గట్టు వెంట మూసేసిన కాలిబాటల్లోకి ఎవరు పిలిచినా వెళ్లవద్దు. మేము ఎక్కిన టూరు బస్సువాళ్లు ఇచ్చిన గంటన్నర ఏ మూలకూ చాలలేదు. అమ్మాయి కట్టిచ్చిన పులిహోర కూడా తిరుగు ప్రయాణంలో బస్సులోనే తిన్నాం. వీలైతే పిల్లల కారులో వెళ్లండి, కనీసం మూడు గంటలు ఉండేలా చూసుకోండి.