పాపులేషన్ బాంబ్: ముప్ఫై ఏళ్లు దగ్గర పెట్టుకున్నాక

అమెరికా జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ జనాభా పెరుగుదల మీద రాసిన ఈ పుస్తకాన్ని నేను 1994లో హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పదిహేను రూపాయలకు కొన్నాను. అప్పుడు ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. రెండు రాత్రుళ్లలో పూర్తిచేసి, మూడో రోజు మొదలుపెట్టి మళ్లీ చదివాను. ఆ ఏడాది కాలేజీ మ్యాగజైన్‌లో దీని మీద నాలుగు పేజీల వ్యాసం రాశాను. చదువుకున్న ప్రతివాళ్లూ చదివి తీరాలని అందులో గట్టిగా చెప్పాను. తర్వాత జూనియర్ కాలేజీలో పాఠం చెప్పినన్నాళ్లూ జనాభా అనే మాట వచ్చినప్పుడల్లా పిల్లలకు ఈ పుస్తకం పేరు చెప్పేదాన్ని. ఆ మాటలన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకోను గానీ, అంత గట్టిగా మాత్రం చెప్పలేను.

పాల్ ఎర్లిక్ రాయడం బాగా రాశాడు. ఆ బిగువు ఇప్పటికీ ఒప్పుకుంటాను. ఒక వాక్యం చదివితే రెండోది లాక్కుపోతుంది. పురుగుమందుల గురించి, కలుషితమవుతున్న నీళ్ల గురించి 1968లోనే అంత సూటిగా చెప్పడం చిన్న విషయం కాదు. భార్య ఆన్ కలిసి రాసినా అట్ట మీద ఆమె పేరు లేదన్న సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అది ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది.

నా అసలు బాధ వేరే. ఈ పుస్తకంలో చీకటి తప్ప ఇంకేమీ లేదు. మొదటి పేజీలోనే, మనుషులందరికీ తిండిపెట్టే పోరాటం అయిపోయిందని, డెబ్బైల్లో కోట్లమంది ఆకలితో చచ్చిపోతారని, ఇప్పుడు ఏంచేసినా ఆ చావులు ఆగవని తేల్చేస్తాడు. అక్కడి నుంచి చివరి దాకా అదే గొంతు. భయపెట్టడం తప్పని నేననను. భయపడాల్సిన రోజులే అవి. వరసగా రెండేళ్లు కరువొచ్చి 1966-67లో బీహార్ అల్లాడిపోయింది. అమెరికా నుంచి గోధుమ ఓడ వస్తేనే రేషన్ షాపు తెరిచే రోజులు. కానీ ఎక్కువ దిగుబడినిచ్చే గోధుమ వంగడాలకు నోబెల్ అందుకున్న రోజుల్లో నార్మన్ బోర్లాగ్ కూడా ఇదే భయం చెప్పాడు. ఈ పంటలు మనకు ముప్ఫై ఏళ్ల ఊపిరి మాత్రమే ఇస్తాయి, ఈలోపు జనాభా సంగతి చూసుకోండి అన్నాడు. ఆయన మాటల్లో భయం పక్కన పని ఉంది, పనిచేసే మనుషులున్నారు. ఎర్లిక్ పుస్తకంలో మనుషులంటే గుంపు.

ఇది నాకు తెలిసొచ్చిన రోజు చెప్తాను.

2016 వేసవిలో మా నాన్నకు కంటి శుక్లం ఆపరేషన్ అయింది. నేను సెలవు పెట్టి ఇంటికెళ్లాను. మాది పశ్చిమ గోదావరిలో ఆచంట పక్కన పల్లెటూరు. పేపరు చదవొద్దు, టీవీ చూడొద్దు అన్నారని నాన్నకు ఏమీ తోచేది కాదు. "నీ సంచిలో ఏదో పుస్తకం ఉందిగా, చదువమ్మా" అన్నారు. అరుగు మీద కూర్చుని ఒక్కో పేరా తెలుగు చేసి చెప్పడం మొదలుపెట్టాను.

మొదట్లోనే ఢిల్లీ వర్ణన వస్తుంది. ఉక్కపోసే రాత్రి, పాత టాక్సీ, సీట్ల నిండా గోమార్లు. కిటికీ బయట తినేవాళ్లు, కడుక్కునేవాళ్లు, పడుకున్నవాళ్లు, అరుచుకునేవాళ్లు, చెయ్యిచాచి అడుక్కునేవాళ్లు. జనం, జనం, జనం, జనం. జనాభా సమస్య ఏమిటో లెక్కల్లో ఎప్పుడో తెలిసినా, ఒంటికి తెలిసింది ఆ రాత్రేనంటాడు. ఆ పేరా పక్కన అంచులో పెన్సిల్‌తో "నిజం" అని నా రాత ఉంది. ఇరవై రెండేళ్ల వయసులో రాసింది. నాన్నకు చదివి వినిపిస్తూ ఆ మాట చూశాక నా గొంతు తగ్గిపోయింది. ఆ టాక్సీ కిటికీ లోపల కూర్చుని బయటికి చూస్తున్నానని అప్పుడు అనుకున్నాను. మేం కిటికీ బయటివాళ్లం. (ఆ రోజుల్లో ఢిల్లీ జనాభా దాదాపు 28 లక్షలు. చుట్టుపక్కలతో కలిపి పారిస్‌లో 80 లక్షల దాకా ఉన్నారు. పారిస్ చూసి ఎవరికీ అలా అనిపించలేదు.)

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇది ఏ ఏడు రాశాడు?" అని అడిగారు. అరవై ఎనిమిది అన్నాను. "ఢిల్లీ చూసి వెళ్లిపోయాడా? డెల్టా వైపు రాలేదా?" అన్నారు.

మా వైపు వాళ్లకు ఆ అరవై ఏడూ ఎనిమిదీ అంటే ఐఆర్ ఎయిట్ వచ్చిన రోజులు. ఫిలిప్పీన్స్‌లోని వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన పొట్టి వంగడం అది. దేశంలో అందరికంటే ముందు దాన్ని పెద్ద ఎత్తున వేసి పండించిన రైతుల్లో మా ఆచంట నెక్కంటి సుబ్బారావు గారి పేరు చెప్తారు. మా నాన్న విత్తనం తెచ్చింది ఆ తర్వాత దాళ్వాకి, అంటే రెండో పంటకి. ఆ రోజు ఆయన చెప్పినవి నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు, అడగలేదు కూడా. చేను మోకాలు దాటి పెద్దగా ఎదగకపోతే మా తాతయ్య గట్టు మీద నిలబడి "ఇది వరా, గడ్డా?" అని తిట్టారట. పాత రకం అక్కుళ్లు వేసిన పక్క చేలు నడుం దాటి ఎదిగాయి. యూరియా చల్లితే పాత రకాలు ఏపుగా పెరిగి గాలికి పడిపోయేవి, ఇది మాత్రం కర్రలా నిలబడింది. కుప్ప నూర్చాక ఎకరానికి నలభై బస్తాలు దాటింది. అంతకుముందు అదే చేలో పద్ధెనిమిది, మహా అయితే ఇరవై. బస్తాలు పెట్టడానికి కొట్లో చోటు చాలక మధ్య గదిలో మంచం తీసేసి అక్కడ వేశారట. మా తాతయ్య ఆ రాత్రి ఆ బస్తాల మీదే పడుకున్నారు.

నాన్న దాన్ని పొగడ్తగా చెప్పలేదు, అదీ చెప్పాలి. ఐఆర్ ఎయిట్ బియ్యం ఎవరికీ నచ్చలేదు. గింజ మధ్య సున్నం పూసినట్టు తెల్లగా ఉండేది, మిల్లులో ఆడిస్తే నూక ఎక్కువ పడేది. పొద్దున వండిన అన్నం మధ్యాహ్నానికి గట్టిపడేది. గడ్డి పొట్టి కాబట్టి పశువులకు మేత తగ్గింది. కొన్నేళ్లకు సుడిదోమ పట్టి చేలకు చేలు మాడిపోయాయి, మందు డబ్బాలు భుజానికెత్తుకోవడం అప్పుడే మొదలైంది. "అయినా కడుపు నిండింది కదమ్మా" అన్నారు. పక్కనే మార్టేరు వరి పరిశోధన స్టేషన్‌లో స్వర్ణ రకం వచ్చేదాకా అలాగే నెట్టుకొచ్చారు.

"సరే, ఏంచెయ్యాలో చెప్పాడా మరి?" అని అడిగారు. ఏంచెయ్యాలన్న అధ్యాయం ఉంది. వెతికి తీశాను. అందులో ఒకచోట మన దేశం సంగతి వస్తుంది. ముగ్గురు, అంతకు మించి పిల్లలున్న మగవాళ్లందరికీ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించాలని అప్పటి కేంద్రమంత్రి చంద్రశేఖర్ అన్నప్పుడు అమెరికా మన ప్రభుత్వం మీద ఒత్తిడి తేవాల్సిందట. హెలికాప్టర్లు, బళ్లు, ఆపరేషన్ పరికరాలు, డాక్టర్లను పంపాల్సిందట. బలవంతమే కావచ్చు, మంచి పనికోసం బలవంతం అంటాడు. ఆ మంత్రి శ్రీపతి చంద్రశేఖర్ పుట్టింది రాజమండ్రిలో, మా ఇంటికి బస్సు దూరం. తిండి సాయం విషయంలోనైతే, బతకలేని దేశాలను వదిలేసి బతికేవాటికే పంపాలన్న వాదాన్ని సమర్థిస్తాడు. వదిలేసే వైపు మనమున్నాం.

వంటింట్లోంచి మా అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. మా తమ్ముడు పుట్టాక ఆపరేషన్ చేయించుకున్నది అమ్మ. ఎవరూ లాక్కెళ్లలేదు. ఎమర్జెన్సీలో ఆపరేషన్‌కు మనుషులను తెమ్మని మాస్టార్లను తరిమితే, పొలాల్లో దాక్కున్న మగవాళ్లను చూసింది. "ఇలాంటివి పిల్లలకు చెప్తున్నావా నువ్వు?" అంది. నేను చెప్తున్నది ఆ పేజీ కాదు, నిజమే. కానీ ఆ పేజీ చదివి, ఇరవై ఏళ్లు పిల్లలకు ఆ పుస్తకం పేరే చెప్పాను. ఆ రోజు ఇక చదవలేదు.

తర్వాత కాస్త కసిగానే ఈ పుస్తకం వెంటపడ్డాను. నా ప్రతి 1968 నాటిది. 1971 నాటికి భారత్ తిండిలో స్వయంసమృద్ధి సాధిస్తుందనుకునే మనిషి, ఇక్కడి పరిస్థితి తెలిసినవాళ్లలో ఒక్కరు కూడా తనకు ఇంతవరకూ తారసపడలేదని అందులో ఒక వాక్యం ఉంది. యూనివర్సిటీ లైబ్రరీలో 1971 ప్రతి తీసి చూస్తే ఆ వాక్యం లేదు. 1965-66లో మన ఆహార ధాన్యాలు 7.2 కోట్ల టన్నులు, 1970-71కి 10.8 కోట్ల టన్నులయ్యాయి. వాక్యం తీసేయడం సరే, పుస్తకం గొంతు మాత్రం మారలేదు. 2009లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఈ పుస్తకాన్ని మళ్లీ పరిశీలిస్తూ ఒక వ్యాసం రాశారు. పొరపాటు ఒప్పుకునే మాట ఒక్కటైనా ఉంటుందని ఆశగా చదివాను. పుస్తకంలోని పెద్ద లోపం బహుశా భవిష్యత్తు మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకోవడమేనన్నారు. నన్ను ఈ పుస్తకానికి దూరం చేసింది ఆ మాట.

ఆయన చెప్పినవన్నీ అబద్ధాలని అనడం లేదు. 1974లో బంగ్లాదేశ్‌లో, 1984లో ఇథియోపియాలో జనం ఆకలితో చచ్చిపోయారు. మా చేలల్లో మందుల వాడకం చూస్తే పురుగుమందుల గురించి ఆయన చెప్పింది ఇవాళ్టికీ కొట్టిపారేయలేను. కుటుంబాలు చిన్నవి కావాలన్నదీ సరైన మాటే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. ఏ హెలికాప్టరూ రాకుండానే మా అమ్మలాంటి వాళ్లు ఆ అంకె దాకా తెచ్చారు. అలాంటి మనిషి ఉండొచ్చని ఈ పుస్తకం ఎక్కడా ఊహించలేదు.

నేను వరి పండించే ఇంట్లో పుట్టాను, నాన్న పక్కన కూర్చుని చదివాను. ఆ రోజు లేకపోతే ఇంకా ఐదుకు నాలుగు చుక్కలే ఇచ్చేదాన్నేమో. బస్తీల్లో పెరిగినవాళ్లకు, అడవులో సముద్రమో చదివేవాళ్లకు ఇందులో వేరేవి కనబడొచ్చు. పర్యావరణం చదువుతున్న పిల్లలు ఒక్కసారి చదవాలి, ఒంటరిగా మాత్రం వద్దు, దీంతోపాటు ఆ పదేళ్ల వ్యవసాయ చరిత్ర ఏదో ఒకటి పక్కన పెట్టుకోవాలి. పాతపుస్తకాల దుకాణంలో రెండూ కనబడితే 1968 నాటి ప్రతే తీసుకోండి. 1971 ప్రతిలో ఆ వాక్యం ఉండదు.